పదకొండో ఒళ్ళు

మొగిలిని టీమ్‌లోంచి తీసేశారన్న కబురు నల్లబండకు పొద్దుటి షిఫ్టు దిగే వేళకు చేరింది. మధ్యాహ్నమయ్యేసరికి పోశం హోటల్లో చాయ్ గ్లాసులు తక్కువ పడ్డాయి. ఎండాకాలం, మ్యాచ్‌లు లేని కాలం. అలాంటప్పుడు ఆ ఊళ్ళో ఫుట్‌బాల్ మైదానంలో కాదు, హోటల్ బల్లల చుట్టూ ఆడతారు. అక్కడ రెఫరీ ఉండడు. ఎవడి నోరు పెద్దదైతే వాడిదే గెలుపు.

నోటి విషయంలో రాజేశానికి ఆ ఊళ్ళో ఎదురు లేదు. బొగ్గు గనిలోకి మనుషుల్ని దించి, మళ్ళీ పైకి లాగే పెద్ద ఇంజను నడుపుతాడు. ఆ ఇంజను గదిలో పని చేస్తున్నంతసేపూ ఒక్కమాట మాట్లాడకూడదని రూలు. అక్కడ మింగిన మాటలన్నీ హోటల్‌కొచ్చి కక్కుతాడని పోశం అంటాడు.

"ఆ మేనేజరమ్మకు పిచ్చిగిన లేసిందా?" అని రాజేశం బల్ల మీద చరిచాడు. "మొగిలంటే ఎవడు? కెప్టెన్. మన ఊరి పోరడు. వాణ్ని పొమ్మని, గోవా నుంచి ఎవణ్నో తెస్తదట! ఇంట్ల కోడిని అమ్ముకొని బజార్ల గుడ్డు కొన్నట్టున్నది."

"వయసయితంది గద రాజన్నా," అన్నాడు ఓదెలు. గనిలో పైకప్పుకు దుంగలు నిలబెట్టి రిటైరైన మనిషి. ఏదన్నా ఆచితూచి అంటాడు. "డిఫెండర్‌కు ముప్పై దాటినంక కాళ్ళు బరువైతయి. మేనేజర్ అన్నంక రేపటి సంగతి గూడ జూడాలె."

"ఏం జూస్తది రేపటి సంగతి?" బండ్లు బాగుచేసే జబ్బార్ లేచాడు. "లీగ్ మొత్తంల మనకంటె తక్కువ గోల్స్ తిన్న టీమ్ ఉన్నదా? తీసుడే ఉంటె ఆ రెక్క మీద ఆడే సన్నీగాన్ని తీయాలె. పెనాల్టీ ఇస్తె గూడ ఆకాశానికి కొడ్తడు."

"వాణ్ని గూడ ఎట్ల తీస్తవ్? వాడూ అల్లికల ఉన్నడు గద," అన్నాడు ఓదెలు.

ఎంత వాగుడుకాయలైనా ఆ ఊరివాళ్ళు అల్లిక అన్న మాట దగ్గర గొంతు తగ్గిస్తారు. పోయిన సీజన్లో చూసింది అలాంటిది మరి.

ఒక సాయంత్రం తీరం నుంచి వచ్చిన టీమ్‌తో మ్యాచ్. ఆట మంచి వేడి మీదుండగా మైదానంలో లైట్లన్నీ పోయాయి. కన్ను పొడుచుకున్నా కనపడని చీకటి. అవతలివాళ్ళు ఎక్కడివాళ్ళక్కడ ఆగిపోయారు. కానీ బంతి ఆగలేదు. ధబ్, ధబ్, ధబ్ అని ఒక కాలి నుంచి ఇంకో కాలికి పోతున్న చప్పుడు గ్యాలరీలో అందరూ విన్నారు. పిలుపు లేదు, కేక లేదు. లైట్లు వచ్చేసరికి అవతలి ఆటగాళ్ళు గుడ్డివాళ్ళలా చేతులు చాచి నిలబడి ఉన్నారు. బంతి వల లోపల మెల్లగా దొర్లుతోంది. రెఫరీ గోల్ ఇవ్వలేదు. ఇవ్వకపోయినా, ఆ గోల్ పడలేదని నల్లబండలో ఎవడైనా అంటే వాడికి పిల్లనివ్వరు.

ఆ పదకొండుమంది మెడల వెనక గోరంత రాగిపట్టీ ఒకటి అంటించి ఉంటుంది. కళ్ళు మూసుకున్నా మన చెయ్యి ఎక్కడుందో మనకు తెలుస్తుంది కదా. ఆ ఎరుకను ఒక ఒంటి నుంచి ఇంకో ఒంటికి చేరుస్తుంది ఆ పట్టీ. అలా పదకొండు ఒళ్ళూ ఒకటవడమే అల్లిక. పక్షవాతం వచ్చినవాళ్ళ కోసం చేసిన పరికరం. ఆటగాళ్ళకు పెట్టి చూద్దామన్న ఆలోచన క్లబ్బులో పనిచేసే రాజేశం కూతురు నీలవేణిది. లీగువాళ్ళు దాన్ని నిషేధించాలా వద్దా అని ఇంకా మీటింగులు పెట్టుకుంటూనే ఉన్నారు.

"ఒక్కటి చెప్తున్న ఇనుండ్రి," అన్నాడు రాజేశం. "గనిల మనకు ఒక రివాజున్నది. దిగేటప్పుడు ఎవని ఇత్తడి బిళ్ళ వాడు బోర్డుకు తగిలిస్తడు, ఎక్కినంక తీసుకుంటడు. ఒక్క బిళ్ళ బోర్డు మీద మిగిలినా షిఫ్టుల ఒక్కడు ఇంటికి పోడు. మనోన్ని లోపట ఇడ్సిపెట్టి పైకొచ్చిన జాతి కాదు మనది. మొగిలిని ఇడ్సిపెట్టేది లేదు. ఐతారం పంచాయితీల ఆ మేనేజరమ్మ సంగతి జూద్దాం."

హోటల్ మొత్తం బల్లలు చరిచింది. క్లబ్బులో సగం వాటా ఊరి అభిమానులది. ఏటా ఎండాకాలం మైదానంలో పంచాయితీ పెట్టి, మేనేజర్ నిర్ణయాలను ఒప్పుకోవడమో కొట్టెయ్యడమో వాళ్ళ హక్కు. నిర్ణయానికి ఒప్పుకున్నవాళ్ళు తూర్పు గోల్ దగ్గర, ఒప్పుకోనివాళ్ళు పడమటి గోల్ దగ్గర నిలబడాలి. కాగితాలూ పెట్టెలూ ఏమీ ఉండవు. ఎటు జనం ఎక్కువుంటే అదే తీర్పు.

అదే ఊపులో ఓ గుంపు మొగిలి ఇంటికి బయలుదేరింది. ముందు రాజేశం.

మొగిలి వసారాలో కుర్చీలో కూర్చుని ఉన్నాడు. పొడుగాటి మనిషి, మెత్తటి గొంతు. వీళ్ళను చూసి లేచాడు కానీ, అడుగు వేసే ముందు నేలకేసి చూసుకున్నాడు. తన కాళ్ళు ఉన్నాయో లేవో చూసుకుంటున్నట్టుంది. రాజేశం అదేమీ పట్టించుకోలేదు.

"ఏం ఫికర్ వెట్టుకోకు బిడ్డా! ఊరంత నీ దిక్కే ఉన్నది. నిన్ను టీమ్‌లకెల్లి ఎవడు తీస్తడో మేం జూస్తం."

"ఎందుకు కాకా, ఊకోండ్రి," అన్నాడు మొగిలి. "మేడం ఏదో ఆలోచించే చేసి ఉంటది."

"చూసిన్రా, ఎంత మంచి గుణమో!" అని రాజేశం వెనక్కి తిరిగి గుంపుతో అన్నాడు.

మొగిలి భార్య సరూప స్టీలు గ్లాసుల్లో చాయ్ తెచ్చింది. ఆమె మొహం ముడుచుకుని ఉంది. చాయ్ పొగలు కక్కుతోంది. రాజేశం గ్లాసు ముట్టుకుని, అబ్బా అని వదిలేసి, తువ్వాలు కొసతో పట్టుకున్నాడు. మొగిలి మాత్రం ఉత్త చేత్తో గ్లాసును గుప్పిట్లో బిగించి, వాళ్ళ మాటలు వింటూ అలాగే కూర్చున్నాడు. చర్మం ఎర్రగా కమిలిపోతోంది. మొహంలో చలనం లేదు.

"మనిషంటె గిట్లుండాలె!" అన్నాడు రాజేశం మురిసిపోతూ. "కాలినా కిక్కురుమనడు. గిసొంటోన్ని ఎక్కడ తెస్తరు గోవాల?"

సరిగ్గా అప్పుడే రెండు వీధుల అవతల, ఆటగాళ్ళుండే హాస్టల్ వైపు నుంచి అరుపు వినిపించింది. ఒకరిది కాదు, కొంతమంది గొంతులు కలిసిన అరుపు. సరూప గబుక్కున వచ్చి మొగిలి చేతిలోంచి గ్లాసు లాగి నేలకేసి కొట్టింది. చాయ్ అందరి కాళ్ళ మీదా చిందింది.

"పోండ్రి మీరంత," అంది. "మీ దండం వెడ్త, పోండ్రి."

దారిలో జబ్బార్, "వదినెకు మొగిలి ఉద్యోగం పోతందని పరేషాన్ ఉన్నట్టున్నది," అన్నాడు. అందరూ నిజమేనన్నారు. మొగిలి అయిదేళ్ళ కూతురు గడపలో నిలబడి, వాళ్ళు వీధి మలుపు తిరిగేదాకా చూస్తూనే ఉంది.

ఆ సాయంత్రం అన్నం దగ్గర తండ్రీకూతుళ్ళకు మాటామాటా పెరిగింది. నీలవేణి తల్లి చనిపోయినప్పటి నుంచి ఆ ఇంట్లో ఇద్దరే. ఇద్దరిదీ ఒకటే నోరు.

"బాపు, ఐతారం నాడు నువ్వు మాట్లాడకు," అంది నీలవేణి.

"ఎందుకు మాట్లాడొద్దు? ఆ మేనేజరమ్మ నీకేమన్న జీతం పెంచిందా?"

"నీకు తెల్వని సంగతులుంటయి."

"ఫుట్‌బాల్ల నాకు తెల్వని సంగతా? ఏందది, చెప్పు మరి."

"చెప్పద్దు. మాటిచ్చిన."

"అయితె నేను గూడ ఊరికి మాటిచ్చిన," అని రాజేశం చెయ్యి కడుక్కుని లేచాడు.

నీలవేణి చాలాసేపు పళ్ళెంలో మెతుకులు కెలుకుతూ కూర్చుంది. చివరికి తలెత్తి, "రేపు పొద్దుగాల నాతోని రా," అంది. "చెప్పనని మాటిచ్చిన. చూపెట్టనని ఇయ్యలే."

మూతపడిన ఒక గని పక్కనే మైదానం. గనివాళ్ళు టోపీ దీపాలు తీసుకునే పాత దీపాల గదిలో నీలవేణి ప్రయోగశాల. కిటికీలోంచి చూస్తే మైదానమంతా కనిపిస్తుంది. మొగిలి లేకుండా మిగతా పదిమంది అప్పటికే దిగి బంతి తన్నుకుంటున్నారు. వేసవిలో కూడా పట్టీలు తియ్యరు. తీస్తే ఒళ్ళు మరిచిపోతుంది, మళ్ళీ నేర్పడానికి నెలలు పడుతుంది.

"ఇది వినే పట్టీ," అంది నీలవేణి, తండ్రిని బల్ల పక్కన కుర్చీలో కూర్చోబెట్టి. "వాళ్ళ నుంచి నీకొస్తది, నీ నుంచి వాళ్ళకు పోదు. మొగిలన్నకు ఏం చేరుతదో నీకూ అదే చేరుతది. భయమైతె చెప్పు."

"నాకేం భయం?" అన్నాడు రాజేశం.

మెడ వెనక చీమ కుట్టినట్టు చురుక్కుమంది. తరువాత పాదాల కింద గడ్డి తగిలింది.

చెప్పులు వేసుకుని సిమెంటు నేల మీద పాదాలు పెట్టుకున్న మనిషికి తడిగడ్డి తగిలింది. ఒక జత పాదాలకు కాదు, ఎన్నో పాదాలకు. ఎక్కడో మూల మీద ఒక మడమ బురదలో దిగబడింది. ఎక్కడో ఒక మోకాలు వంగి లేచింది. రాజేశం కళ్ళు మూసుకున్నాడు. మూసుకోగానే మైదానం మొత్తం ఒక్కసారిగా అతని ఒంట్లోకి వచ్చి పడుకుంది. అటు చివర గోల్‌కీపర్ రెండు చేతులూ గాలిలో ఉన్నాయని తెలుసు. ఎవరూ చెప్పలేదు. తన చేతులు ఎక్కడున్నాయో తనకు తెలిసినట్టే తెలుసు. సన్నీ పరిగెడుతున్నాడు, ఇతని ఊపిరి వేగమైంది. బంతి ఒక కాలు వదలకముందే ఇంకో కాలు దానికోసం మెత్తబడింది. కుడిచేత్తో గులకరాయి ఎగరేస్తే ఎడమచెయ్యి చాచి పట్టుకోవడం ఎంత సులువో, అంత సులువు. ఇరవయ్యేళ్ళ కాళ్ళు, ఇరవయ్యేళ్ళ ఊపిరితిత్తులు, పది గుండెలు. ఆకాశమంత ఒళ్ళు.

"అమ్మో," అన్నాడు రాజేశం. "అమ్మో, అమ్మో." కన్నీళ్ళు కారిపోతున్నాయి. జీవితంలో అంత గొప్పది అతను చూడలేదు. చూడటం కాదు, అది తనే అయ్యాడు. ఆ చీకట్లో పడిన గోల్ ఏమిటో ఇప్పుడు అర్థమైంది. వాళ్ళకది చీకటే కాదు.

అప్పుడు ఒక కుర్రాడు జారిపడ్డాడు.

తుంటి ఎముక మీద దెబ్బ సూటిగా వచ్చి రాజేశంలో దిగింది. దాని వెనకే మిగతావి వచ్చాయి. అవి అప్పటిదాకా లేవని కాదు, ఇతను చూసుకోలేదు. గోల్‌కీపర్ పన్ను పోటు. సన్నీ చీలమండలో పాత బెణుకు. ఒకడికి ఖాళీ కడుపు మంట, ఇంకొకడికి ఇంటిమీద బెంగతో గొంతులో గడ్డ. పది ఒళ్ళ బరువూ పల్లానికి నీళ్ళు జారినట్టు మెల్లగా ఒకే చోటికి జారుతోంది. ఆ చోటు తనే. వాళ్ళెవరికీ తెలియదు, ఎవరూ కావాలని చెయ్యడం లేదు. అలసిన మనిషి గోడకు ఒరిగినట్టు ఒరుగుతున్నారంతే.

కళ్ళు తుడుచుకుందామని రాజేశం చెయ్యెత్తబోయాడు. చెయ్యి దొరకలేదు.

చేతులు బోలెడున్నాయి. పరిగెత్తేవాడి చేతులు, గోల్‌కీపర్ చేతులు. తనవి ఏవో తెలియడం లేదు. భయపడి కళ్ళు తెరిచాడు. ఒళ్ళో రెండు ముసలి చేతులున్నాయి, ఇంజను పిడి పట్టిపట్టి కాయలు కాసినవి. వాటిలో ఒకదాన్ని నీలవేణి తన రెండు చేతులతో గట్టిగా పిసుకుతోంది. అతనికి కనిపిస్తోంది. తగలడం లేదు. కూతురి చెయ్యి తగలడం లేదు.

"తియ్యి," అన్నాడు. "బిడ్డా, తియ్యి తియ్యి."

పట్టీ ఊడాక రాజేశం కూతురి చెయ్యి వదలలేదు. అతనలా ఉండటం నీలవేణి ఎప్పుడూ చూడలేదు. ఆ గొప్ప ఒళ్ళు పోయినందుకు దుఃఖం, కూతురి చెయ్యి వెచ్చగా తగులుతున్నందుకు దుఃఖం, రెండూ కలిసి వచ్చాయి అతనికి.

"చూసినంక ఇంక దాసేదేమున్నది. నువ్వు పెట్టుకున్నది చాయ్ తాగేంత సేపు," అంది నీలవేణి. "మొగిలన్నకు నాలుగేండ్లు. మేం ఆయనను నడుమ పెట్టలే బాపు. వాళ్ళ ఒళ్ళే ఆయనను ఏరుకున్నయి. నిమ్మలమైన మనిషి గద, అందరి బరువు ఆడికే పోయింది. మొదట్ల మాకు తెల్వలే. ఇప్పుడు ఆయనకు తన ఒళ్ళు ఏదో తెలుస్తలేదు. బిడ్డ వచ్చి మీద కూసుంటె తెలుస్తలేదు. నిన్న చెయ్యి కాల్తె..."

"నేను మెచ్చుకున్న," అన్నాడు రాజేశం. "ఎంత గట్టోడు అన్న."

"మేడం దగ్గరికి వచ్చి ఆయనే ఏడ్చిండు, నన్ను ఇడ్సిపెట్టుండ్రి అని. కాని పోరగాండ్లకు తెల్వద్దట. తెలిస్తె, మా వల్లనే అన్న ఆగమైండని కుములుతరు, మళ్ళ ఆడలేరు అని మాట తీసుకున్నడు. మేడం ఇచ్చింది, నేనూ ఇచ్చిన."

"పట్టీ తీసేసి ఆడిపియ్యరాదు?"

"పట్టీ లేకున్నా ఆ పదిమంది ఒళ్ళు ఆయన కోసం దేవులాడ్తయి. ఆయన ఒళ్ళు గూడ. మైదానం ఇడ్సిపెట్టాలె, గంతే. ఈ ఏటి నుంచి ఎవరినీ ఒక్క సీజన్ కంటె ఎక్కువ అల్లికల ఉంచద్దని మేడం రాసింది. ఇంకా తేడా వస్తే అసలు అల్లికే తీసేస్తదట. మంచి మంచి ఆటగాళ్ళను ఏటా మారుస్తదని ఊరంత ఆమెను తిడ్తది. తిట్టనియ్యి అన్నది."

రాజేశం కిటికీలోంచి చూశాడు. పదిమందీ మంచినీళ్ళు తాగుతున్నారు. ఎవరూ అనుకోకుండానే, మైదానం మధ్యలో మొగిలి నిలబడే చోటు చుట్టూ నిలబడి తాగుతున్నారు. ఆ చోటు ఖాళీగా ఉంది.

ఐతారం సాయంత్రం మైదానం నిండిపోయింది. మేనేజర్ కనకతార ఒక్కతే మధ్యలో మైకు ముందు నిలబడింది. ఒకప్పుడు రాష్ట్రానికి ఆడిన మనిషి, జుట్టు తెల్లబడినా నిలబడటంలో ఆ బిగువు పోలేదు.

"మొగిలిని ఎందుకు తీసిన్రో చెప్పాలె!" అని నాలుగు దిక్కులా అరుపులు.

"చెప్పలేను," అంది ఆమె. "చెప్పనని ఒకరికి మాటిచ్చాను. నా నిర్ణయం సరైందని నమ్మితే తూర్పుకు రండి. లేదంటే మొగిలిని ఉంచుకుని నన్ను మార్చుకోండి."

ఆ జవాబుకు మైదానం భగ్గుమంది. అహంకారమన్నారు, కమీషను కొట్టేసిందన్నారు. జనమంతా వరద పారినట్టు పడమటి గోల్ వైపు కదిలింది. తూర్పు గోల్ కింద నీలవేణి, ఇద్దరు ముగ్గురు క్లబ్బు ఉద్యోగులు. గ్యాలరీ మెట్ల మీద మొగిలి కూర్చుని ఉన్నాడు, పక్కన సరూప, ఒళ్ళో కూతురు. పిల్ల జారిపోకుండా ఉండటానికి మొగిలి తన చేతుల వంకే చూస్తున్నాడు, చూపు తిప్పితే అవి వదిలేస్తాయేమోనన్నట్టు. ఇప్పుడది చూడటం రాజేశానికి తెలిసింది.

"రాజన్నా, మాట్లాడు!" జబ్బార్ అతన్ని మైకు దగ్గరికి నెట్టాడు.

నిజం చెబితే మొగిలికిచ్చిన మాట పోతుంది. అబద్ధం చెబితే మొగిలే పోతాడు. రాజేశం మైకు పట్టుకున్నాడు.

"ముప్పై ఏండ్ల సంది నేను మనుషులను పైకి గుంజుతున్న," అన్నాడు. "కింద ఎవరున్నరు, ఎట్లున్నరు నాకు కనపడది. గంట కొడ్తరు. గంట కొట్టినంక ఎందుకు, ఏమిటి అని అడిగేది ఉండది. గుంజుడే. మొగిలి గంట కొట్టిండు. నేనిన్న. అంతకంటె చెప్పలేను. వాణ్ని టీమ్‌ల ఉంచుడంటె లోపట ఇడ్సిపెట్టుడే. పైకి తేవాలె."

మైకు వదిలేసి తూర్పుకేసి నడిచాడు.

వెనక నుంచి మొదలయ్యాయి తిట్లు. "బిడ్డ నౌకరి కోసం అమ్ముడువోయిండు!" అని ఎవరో అరిచారు. ఆ గొంతు జబ్బార్‌ది. ఓ మట్టిపెళ్ళ వచ్చి రాజేశం వీపు మీద పగిలింది. ముప్పై ఏళ్ళుగా ఆ ఊళ్ళో సంపాదించిన మాట అంతా ఆ నడకలోనే ఖర్చయిపోయిందని అతనికి తెలుసు. వెనక్కి తిరిగి చూడలేదు. చూస్తే ఆగిపోతాడు. తూర్పు గోల్ కిందికి వెళ్ళి కూతురి పక్కన నిలబడ్డాడు.

అప్పుడు తిట్లు ఆగిపోయాయి. ఎందుకాగాయో అతనికి మొదట అర్థం కాలేదు.

దీపాల గది పక్కనున్న తలుపులోంచి పదిమంది ఆటగాళ్ళు వచ్చారు. ఎవరూ పిలవలేదు. ముందు సన్నీ, వెనక గోల్‌కీపర్, మిగతావాళ్ళు. పది ఎడమకాళ్ళు ఒకేసారి లేచాయి, ఒకేసారి దిగాయి. అది కవాతు కాదు. కవాతులో ఒకరినొకరు చూసుకుంటారు. వీళ్ళు ఎవరినీ చూడటం లేదు. పడమటి గోల్ దగ్గర అంత జనం ఉన్నా, గడ్డి మీద ఆ ఒక్క అడుగు చప్పుడే వినిపించింది. నేరుగా తూర్పు గోల్ దగ్గరికి వచ్చి రాజేశం చుట్టూ నిలబడ్డారు.

"మాకు ఎర్కనే కాకా," అన్నాడు సన్నీ, పక్కనున్నవాళ్ళకు మాత్రమే వినపడేలా. "అన్న చెయ్యి కాల్తె మా చేతులు కాలవా? దాసిపెడ్తున్న అనుకుంటుండు పాపం. అన్న సంతోషం కోసం మేం గూడ తెల్వనట్టే ఉన్నం."

మెట్ల మీద మొగిలి లేచి నిలబడ్డాడు. అతనికి వాళ్ళ మాట వినపడి ఉండదు. వినపడనక్కర్లేదు. మొహం రెండు చేతుల్లో దాచుకుని భోరుమన్నాడు. తూర్పు గోల్ కింద పదిమందీ, ఒకే క్షణాన, మోచేతులతో కళ్ళు తుడుచుకున్నారు.

ఊరంతా అది చూసింది. ఒక మనిషి అక్కడ ఏడిస్తే పది మొహాలు ఇక్కడ తడిశాయి. ఎవరూ ఏమీ చెప్పలేదు, కానీ గనుల్లో బతికినవాళ్ళకు బరువు ఎవరి మీద పడుతోందో చూస్తే తెలుస్తుంది. ముందు ఓదెలు తువ్వాలు దులిపి భుజాన వేసుకుని కదిలాడు. మధ్యగీత దాటాక వెనక్కి తిరిగి, "ఏం జూస్తున్నరు, రాండ్రి," అన్నాడు. జనం కదిలింది. జబ్బార్ మాత్రం పడమటి గోల్ కిందే నిలబడిపోయాడు. ఒకసారి అన్నమాట వెనక్కి తీసుకోవడం అతనికి చేతకాదు. ఆ మాట మీద అతను రాజేశంతో ఆ వేసవంతా మాట్లాడలేదు.

మర్నాడు పొద్దున నీలవేణి మొగిలి మెడ మీది పట్టీ తీసింది. ఒళ్ళు తిరిగి రావడానికి వానాకాలం పట్టింది. ముందు అరికాళ్ళు వచ్చాయట, తరువాత వేళ్ళు. ఓ రోజు కూతురు వీపెక్కి చెవి కొరికితే, అబ్బా అని అరిచి, వీధంతా వినపడేలా నవ్వాడని సరూపే వచ్చి రాజేశానికి చెప్పింది.

కొత్త సీజన్ మొదటి మ్యాచ్ సొంత మైదానంలోనే. గోవా నుంచి వచ్చిన కొత్త డిఫెండర్ మంచి ఆటగాడే, కానీ అల్లికలో ఇంకా కుదురుకోలేదు. పదిమందీ అలవాటు కొద్దీ ఒరుగుతున్న చోట వాడు ఉండటం లేదు. మొదటి సగంలోనే రెండు గోల్స్ తిన్నారు. గ్యాలరీ అంతా కనకతార మీద విరుచుకుపడింది. ఇదేం ఎంపిక, ఇదేం మేనేజరు, ఈమెను పెట్టినవాణ్ని అనాలి అని. పక్క వరసలోంచి జబ్బార్ గొంతు అందరికంటే పైన ఉంది.

రాజేశం పక్కన మొగిలి కూర్చున్నాడు. జీవితంలో మొదటిసారి గ్యాలరీ వైపు నుంచి ఆట చూస్తున్నాడు. మొదట్లో బెరుగ్గా కూర్చున్నవాడు కాసేపటికి లేచి నిలబడ్డాడు, చేతులూపాడు, అరిచాడు.

"ఓ గోవా! ఎనకకు జరుగు! అయ్యో, ఎవడు తెచ్చిండు కాకా వీన్ని? గా మేడంకు జర కండ్లు గనవడ్తయా?"

"మెల్లగ బిడ్డా, ఆమె ఆన్నే కూసున్నది," అన్నాడు రాజేశం.

అప్పుడే సన్నీ బంతి తీసుకుని గీత వెంట దూసుకుపోయాడు. అవతలివాడు అడ్డంగా జారి, బూటు తీసుకెళ్ళి సన్నీ కాలి ముందెముక మీద కొట్టాడు. సన్నీ కుప్పకూలాడు. అదే క్షణంలో మైదానం నలుమూలలా మిగతా పదిమందీ కాలు పట్టుకుని వంగిపోయారు. ఎన్నిసార్లు చూసినా ఒళ్ళు జలదరించే దృశ్యం.

మొగిలి కూడా వంగాడు. ఎముక మీద రెండు చేతులూ వేసి, పళ్ళు బిగించి, రావలసిన నొప్పి కోసం ఎదురుచూశాడు. మెల్లగా చేతులు తీశాడు. ఎముకను వేళ్ళతో తడుముకున్నాడు. అక్కడ గీకాడు, గిల్లాడు. గిల్లితే నొప్పెట్టింది. తరువాత మైదానంలో కుంటుతున్న పదకొండుమందిని చూశాడు.

"నొయ్యలే కాకా," అన్నాడు.

అతని కళ్ళలోంచి నీళ్ళు ధారగా కారాయి. మైదానంలో ఎవరూ కళ్ళు తుడుచుకోలేదు. రాజేశం అతని భుజం చుట్టూ చెయ్యి వేసి దగ్గరికి తీసుకున్నాడు. ఆ చెయ్యి తగలగానే మొగిలి చిన్నపిల్లాడిలా అటు ఒరిగాడు.

రెఫరీ విజిల్ వేశాడు. "గది పెనాల్టీ కాదారా!" అని వెనక నుంచి జబ్బార్ అరిచాడు.